మొగులయ్య పార్టీ ఖాతా

షాద్‌నగర్ మందుల ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన స్టేట్‌మెంటులో పదిహేడో వరుస దగ్గర వినీల వేలు ఆగిపోయింది. కాలిక్యులేటర్ మళ్ళీ మొదటి నుంచి నొక్కింది. మళ్ళీ అదే వచ్చింది.

కిందటి జూలైలో ఆ ఫ్యాక్టరీ ఇచ్చిన నాలుగు లక్షల పన్నెండు వేల చెక్కును ఆమె అప్పట్లో ఒకే ముక్కగా జమ రాసి ఊరుకుంది. అందులో ఏ బిల్లుకు ఎంతో డేవిడ్ రాజు సారు చెప్పలేదు, ఆమె అడగలేదు. మార్చి ఆఖరు వచ్చేదాకా ఇలాంటి జమల జోలికి ఎవరూ పోరు. ఏడాదంతా చిక్కు వేసుకోవడం, చివరి వారంలో కూర్చుని విప్పుకోవడం అన్ని కంపెనీల్లోనూ ఉన్నదే. ఫ్యాక్టరీలకు కరెంటు పనీ ఏసీ పనీ చేసిపెట్టే ఈ కంపెనీకి బోర్డు మీద పేరు పొడుగ్గానే ఉంది గానీ, శంషాబాద్‌లో అందరూ డేవిడ్ రాజు కంపెనీ అనే అంటారు. హైవే పక్కన టైర్ల షాపు మీద రెండు గదులు. లెక్కలు రాసే మనిషి వినీల ఒక్కతే.

పదిహేడో వరుసలో ఉన్నది ఆపిన డబ్బు. పని అయిపోయాక కూడా ఏడాది పాటు పాడవకుండా ఉంటేనే ఇస్తామని ఫ్యాక్టరీ ప్రతి బిల్లులో పది శాతం ఆపుతుంది. ఆ బరువు కంపెనీ తానొక్కటే ఎందుకు మోస్తుంది? కూలీల లెక్కలో తనూ పది శాతం ఆపుతుంది. కూలీలు దాన్ని కటింగ్ అంటారు. పైవాళ్ళు ఇచ్చిన రోజు మీకూ ఇస్తాం అన్నది కంపెనీ మాట. పైవాళ్ళు ఇచ్చేశారు. తేదీ జూలై పద్దెనిమిది. ఇవ్వాళ మార్చి ఇరవై ఎనిమిది, తొంభై ఆరు.

వినీలకు మొహం మీద కొట్టినట్టయింది. ఎనిమిది నెలలుగా గోడౌన్ వాచ్‌మన్ కుర్మయ్య జీతం రోజున వచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడుగుతూనే ఉన్నాడు.

"ఆ షాద్‌నగర్ కటింగ్ ఏమన్న వచ్చిందా, వినీలమ్మా?"

"ఇంకా రాలే, కుర్మయ్యన్నా."

ఎనిమిది సార్లు. తెలియక చెప్పిన అబద్ధానికి పాపం ఉండదని అమ్మ అంటుంది. అమ్మ ఎప్పుడూ లెడ్జరు రాయలేదు.

కుర్మయ్య వాచ్‌మన్ కాకముందు ఆ ఫ్యాక్టరీలోనే గుంతలు తీశాడు. కరెంటు పనిలో అన్నిటి కన్నా కింద ఉండే పని అదే. ఎనిమిది అడుగుల గుంత తీసి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసి పూడ్చాలి. పొరపాటున ఎక్కడన్నా కరెంటు దారి తప్పితే మనుషుల మీదికి రాకుండా ఆ గుంతలోకి దిగిపోతుంది. పద్నాలుగు నెలలు అవి తీసేసరికి అతని నడుం పోయింది. సారు దయ తలచి గోడౌన్ దగ్గర కూర్చోబెట్టాడు.

నోరు ఊరుకోలేదు వినీలకు. వెనక మెట్లు దిగి గోడౌన్ దగ్గరికి పోయింది. కుర్మయ్య రేకు కట్టల మీద నంబర్లు చూసి, గోడకు సుద్దతో గీతలు పెడుతున్నాడు.

"కుర్మయ్యన్నా, కటింగ్ పైసలు వచ్చినయ్. ఫ్యాక్టరోళ్ళు ఇచ్చిన్రు."

అతను గీత పూర్తి చేసి అప్పుడు తిరిగాడు. "నా వంతుకు ఎంత?"

"ఇంక లెక్క కట్టలే. పదిహేడు వందల పైననే ఉంటది."

"ఎనిమిది రేకులు వస్తయి," అన్నాడు వెంటనే. ఎన్నాళ్ళ నుంచి ఆ లెక్క నోట్లో పెట్టుకుని ఉన్నాడో. "వానలు పడేలోపల కప్పుత. మా రాములమ్మ పోయినేడు గిన్నెలు పెట్టి పెట్టి పరేషాన్ అయింది." అంతలోనే జాగ్రత్త పడ్డాడు. "చేతిల పడ్డంక చెప్త ఇంట్ల. ఊకె ఆశ పెట్టొద్దు."

ఆమె మాత్రం ఆశ పెట్టేసి మెట్లెక్కింది.

మర్నాడు ఉదయం డేవిడ్ రాజు రాగానే స్టేట్‌మెంటు పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆయనది గుంటూరు వైపు. చర్చిలో పెద్ద, మాట మెత్తన, కోపం వచ్చినా గొంతు లేవదు. ఈ ఉద్యోగం ఇచ్చింది ఆయనే. క్రిస్మస్‌కు వాళ్ళింటికి కేకు పంపిస్తాడు. చెడ్డవాడైతే వినీలకు ఇంత కష్టం ఉండేది కాదు.

"కూర్చోమ్మా. ఏమిటది?"

చెప్పింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పదిహేడో వరుస చూశాడు, ఆశ్చర్యపోలేదు.

"అవును, వచ్చింది. ఆ డబ్బుతోనే కదా రాజేంద్రనగర్ పనికి కేబుల్ కొన్నాం. ఇంతకీ మొగులయ్య ఎక్కడున్నాడిప్పుడు?"

మొగులయ్య షాద్‌నగర్ పని చేసిన కూలీల పార్టీకి మేస్త్రీ. వాళ్ళను తెచ్చిందీ, పని చేయించిందీ అతనే.

"బొంబాయి పోయిండంట, సార్."

"అడ్రసుందా?" అడుగుతూనే ఆయన సొరుగు తెరిచి రెండు కవర్లు బల్ల మీద పెట్టాడు. రెండూ రిజిస్టర్ పోస్టులు. రెండింటి మీదా పోస్ట్‌మన్ ఎర్ర సిరాతో 'ఊరిలో లేరు' అని రాసి తిప్పి పంపాడు. "మన ప్రయత్నం మనం చేశామమ్మా. మనిషి దొరకనప్పుడు ఆ బాకీని ఎన్నేళ్ళని మోస్తాం? ఈ ఏడు మన రాబడిలో కలిపేద్దాం. అందరూ చేసేదే ఇది. ఆదివారం ఆడిటర్ మల్లేశ్వర్ గారు వస్తున్నారు, ఆయనకు ఈ కవర్లు చూపిస్తే చాలు."

"కుర్మయ్యన్న మన గోడౌన్‌లనే ఉన్నడు కద, సార్. ఆయన గూడ ఆ పార్టీలనే చేసిండు."

"గోడౌన్లో ఉన్నాడు. మన పుస్తకంలో ఉన్నాడా?"

ఆయన ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. వినీల లెడ్జరు తెచ్చి తెరిచింది. పేజీ పైన ఆమె చేతిరాతే, గుండ్రంగా, కింద ఎర్ర గీతతో: మొగులయ్య పార్టీ. బాకీ పద్దెనిమిది వేల ఆరువందల నలభై. కుర్మయ్య లేడు. ఎవరూ లేరు.

మొదట్లో పదకొండు మందికి పదకొండు పేజీలు ఉండేవి. ఒక్కొక్కరిదీ వారం వారం రాయలేక, మేస్త్రీ ఎలాగూ ఒక్కడే వచ్చి తీసుకుపోతాడు కదా అని, అన్నీ కలిపి ఒక్క పేజీకి తెచ్చింది తనే. పుస్తకం ఎంత సన్నబడిందో చూడు అని సారు అప్పుడు మెచ్చుకున్నాడు. ఆ మాటకు రెండు రోజులు నేల మీద నడవలేదు. ఇప్పుడు ఆ ఎర్ర గీత చూస్తే గోకి పారేయాలనిపించింది.

కుర్మయ్యకు ఏం చెప్పాలి? వచ్చాయని తనే దిగి వెళ్ళి చెప్పిందాయె.

హాజరు పట్టీలు అటక మీద ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం స్టూలు వేసుకుని ఎక్కి, పాత స్విచ్ బోర్డుల వెనక నుంచి కట్టలు లాగింది. తుమ్ములే తుమ్ములు. వాటిలో మనుషులున్నారు. జంగయ్య ఒకడు, ఇంకో జంగయ్య, సాయన్న, యాదయ్య, ఎంకటయ్య. పేరు పక్కన రోజుకో అడ్డగీత, రాని రోజు సున్నా. సాయన్నకు వరసగా తొమ్మిది సున్నాలు. ఏసీ గాలి గొట్టాల డక్టు రేకు మీద పడి కాలు తెగిన రోజులవి. కుర్మయ్యకు పద్నాలుగు నెలల్లో నాలుగంటే నాలుగు సున్నాలు.

ఇంటికి కూడా తీసుకుపోయింది. అమ్మ ప్రేమావతి అన్నం ముందు పెట్టి, "ఆ కాగితాలు తింటవా ఏంది?" అంటే గానీ చెయ్యి కడుక్కోలేదు. శనివారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. మొగులయ్యతో కలిపి పదకొండు మంది, పదకొండు మొత్తాలు, కూడితే సరిగ్గా పద్దెనిమిది వేల ఆరువందల నలభై. పైసా తేడా రాలేదు. కుర్మయ్య వంతు పదిహేడు వందల నలభై. తెల్లకాగితం మీద ఎత్తి రాసి సారు ముందు పెట్టింది.

ఆయన పై నుంచి కింది దాకా చదివాడు. "నీ చేతిరాత ముత్యాల వరసమ్మా," అన్నాడు. ఆ తరవాత లేచి, బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆమె వైపు తిప్పి పెట్టాడు.

పదకొండు రసీదులు. టైపు చేసిన కాగితాలు, పేరూ మొత్తమూ చేత్తో నింపినవి. కటింగ్‌తో సహా తనకు రావలసిన కూలీ యావత్తూ ముట్టిందని, కంపెనీ తనకు ఏమీ బాకీ లేదని. కింద నల్లటి వేలిముద్ర. దాని పక్కన 'సాక్షి'. అక్కడ వినీల సంతకం.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. కూలీలకు ఏమీ బాకీ లేమని కాగితాలు తెస్తేనే ఆపిన డబ్బు వదులుతామని ఫ్యాక్టరీ అంది. కూలీలకు ఇవ్వాలంటే ఫ్యాక్టరీ ఇవ్వాలి, ఫ్యాక్టరీ ఇవ్వాలంటే కూలీలకు ఇచ్చేసినట్టు ఉండాలి. ఇందులో ఉన్న వింత అప్పుడెవరికీ తట్టలేదు, పని జరిగే తీరే అది. పని ముగిసి ఆఖరి హిసాబ్ తేల్చిన రోజున నాలుగు పార్టీల వాళ్ళు, యాభై మంది, మెట్ల మీద వరస కట్టారు. రద్దీలో ఆలస్యం కాకూడదని పొద్దున్నే వినీల పేర్లు నింపని రసీదుల దొంతర ముందు పెట్టుకుని సాక్షి దగ్గర టకటకా సంతకాలు చేసి పడేసింది. ముద్రలు ఎలాగూ పడతాయి కదా అనుకుంది. చదవలేదు.

"ఇవి చూపిస్తే వాళ్ళకు అప్పుడే ముట్టినట్టు," అన్నాడు డేవిడ్ రాజు. "ముట్టలేదని నువ్వంటే నీ సంతకం సంగతేమిటని మల్లేశ్వర్ గారు అడుగుతారు. నిన్ను ఆ ఇరకాటంలో పెట్టడం నాకిష్టం లేదు. అందుకే కవర్లతో పోనిద్దామన్నాను. రేపు మట్టల ఆదివారం, చర్చికి రా. మనసు తేలికపడుతుంది."

ఇంత దయగా బెదిరించడం ఎలా వస్తుందో మనుషులకు. వినీల ఫైలు మూసి బయటికి వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఐదింటికి గోడౌన్‌కు వెళ్ళింది. కుర్మయ్య పైపు ముక్కలను పొడుగు ప్రకారం ఏరి గోడకు ఆనిస్తున్నాడు. వంగినప్పుడల్లా ఎడం చెయ్యి నడుం మీదికి పోతోంది. ఆమె మొహం చూసే పని ఆపాడు.

"ఇయ్యమన్నరా?"

వినీల అంతా చెప్పింది. కవర్ల సంగతి, పేజీ సంగతి, రసీదుల సంగతి. సంతకం సంగతి దాచేద్దామనిపించింది. అయినా చెప్పింది.

కుర్మయ్య పైపుల మీద కూర్చున్నాడు. తన అరచేతులు చూసుకున్నాడు.

"పైసలు చేతిల పడకుండ పడ్డయని వేలెట్ల పెట్టిన్రన్నా? ఏం రాసున్నదో అడగొద్దా?" అంది వినీల. అడిగాక, ఆ ప్రశ్న అడిగే హక్కు తనకెక్కడిదని సిగ్గుపడింది.

"అడిగిండు. యాదయ్య అడిగిండు," అన్నాడు కుర్మయ్య. "ముట్టకుండ ముట్టిందని ఎట్ల పెడ్తం, నేను పెట్టనని మెట్ల మీదనే లొల్లి చేసిండు. నేనే చెప్పిన వానికి. కింద ఆ పిల్ల సంతకం ఉన్నదిర, సదువుకున్న పిల్ల, తప్పు రాస్తే పెడ్తదా అన్న. నా మాట మీదనే పెట్టిండు. వాణ్ణి చూసి అందరు పెట్టిన్రు."

హైవే మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

"మీ వేళ్ళు పడుతయ్ కద అని నేను పొద్దుగాలనే పెట్టిన," అంది వినీల.

కుర్మయ్య ఆమెను చూశాడు. తిడితే బాగుండుననుకుంది ఆమె. తిట్టలేదు. చిన్నగా నవ్వబోయి మానుకున్నాడు.

"గట్లనా," అన్నాడు. "నిన్ను చూసి మేము, మమ్ముల చూసి నువ్వు."

లేచి మళ్ళీ పైపులు ఏరుకోసాగాడు. వినీల తనూ ఒక చివర పట్టుకుంది. చీకటి పడేదాకా ఇద్దరూ పని చేశారు.

ఆదివారం ఆమె చర్చికి పోలేదు. తొమ్మిదింటికే ఆఫీసు తాళం తీసి కూర్చుంది. పదకొండున్నరకు డేవిడ్ రాజు తెల్ల బట్టల్లో, జేబులో ఈతాకు మట్టతో వచ్చాడు. వెనకే ఆడిటర్ మల్లేశ్వర్. ఏడాది ఆఖరు రోజున నగదు లెక్క చూసిపోవడం ఆయన ఆనవాయితీ. చూసి, టీ తాగి, చదివి పెట్టుకున్న కాగితాల్లోంచి ఒకటి పైకి లాగాడు.

"ఈ మొగులయ్య పార్టీ. కవర్లు చూశాను. ఫైల్లో ఉన్న రసీదులూ చూశాను. ముట్టిందని రసీదులుంటే పుస్తకంలో బాకీ ఎందుకుంది? బాకీ ఉంటే రసీదులెందుకున్నాయి? రెండూ నిజం కాలేవు గదండీ. ఆ పార్టీ వాళ్ళెవరైనా ఒకరు వచ్చి లెక్క తెగిందని రాసిస్తే గానీ రాబడిలోకి నేను ఒప్పుకోలేను."

డేవిడ్ రాజు వినీల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కొంత సంతోషం కూడా ఉంది. దారి దొరికింది ఆయనకు.

"ఒకడున్నాడు. కుర్మయ్యను పిలవమ్మా. పాపం, వాడి వంతు వాడికిచ్చేద్దాం. నువ్వూ అదేగా అడిగింది."

తనే బల్ల దగ్గర కూర్చుని కాగితం రాశాడు. సొరుగులోంచి డబ్బు తీసి లెక్కపెట్టి పైన పెట్టాడు. పదిహేడు వందలు, రెండు ఇరవైలు. కుర్మయ్య వచ్చి, చెప్పులు బయట విడిచి, గోడ వారగా నిలబడ్డాడు. డబ్బు వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు.

"నీ కటింగ్, కుర్మయ్యా. వేలిముద్ర వేసి తీసుకో. వినీలా, సాక్షి సంతకం చెయ్యి."

వినీల కాగితం ముందుకు లాక్కుని, ఇంకు పెట్టె మూత తీసింది. కుర్మయ్య బొటనవేలు పెట్టెలో అద్దాడు. అలవాటైన మనిషి, ఎక్కువ పూసుకోలేదు. వేలు కాగితం మీదికి తెచ్చి, ఆగాడు.

"నీ సంతకం లేదేందమ్మా ఈడ?"

"చదివినంక పెడ్త."

"చదువు మరి."

"అవసరం లేదమ్మా," అన్నాడు డేవిడ్ రాజు. "మల్లేశ్వర్ గారికి అవతల పనుంది."

వినీల ఆగలేదు. కాగితం ఎత్తి పట్టుకుని, బడిలో పాఠం చదివినట్టు మాటమాటా విడదీసి చదివింది. మొగులయ్య పార్టీకి చెందిన కుర్మయ్య అను నేను, నా తరఫునా, పార్టీలోని మిగతా పదిమంది తరఫునా, పదిహేడు వందల నలభై రూపాయలు పుచ్చుకుని, మా అందరి లెక్క పూర్తిగా తెగిపోయిందని, ఇకమీద మాలో ఎవరికీ కంపెనీ ఏమీ బాకీ లేదని రాసిచ్చిన రసీదు.

టైర్ల షాపులో ఎవరో సుత్తితో రిమ్ము కొడుతున్నారు.

"అందరి తరఫున," అన్నాడు కుర్మయ్య.

"ఊ."

అతను మళ్ళీ డబ్బు చూశాడు. ఈసారి కళ్ళు దించుకోలేదు, తీరిగ్గా చూశాడు. నోట్లో లెక్కేదో కదిలినట్టు పెదాలు కదిలాయి. వినీల ఆ పెదాలనే చూసింది. ముద్ర వేస్తే తను ఏమనగలదు? వాన అతని ఇంట్లో కురుస్తుంది గానీ తన ఇంట్లో కాదు.

"నా వంతు నాకియ్యున్రి, సార్, వేలు పెడ్త," అన్నాడు చివరికి. "వాళ్ళ వంతుకు ఒకపాలి మాటిచ్చిన. ఇంకోపాలి ఇయ్య."

బొటనవేలు ఖాకీ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మల్లేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "మనుషులు దొరకలేదన్నారు, డేవిడ్ రాజు గారూ. ఇతను నిలబడి మాట్లాడుతుంటే నేను వినలేదని ఎలా రాయను? బాకీ బాకీగానే ఉంచండి. మనుషుల పేర్లు తెలిస్తే పేర్ల మీదే పెట్టించండి." కాగితాలు సర్దుకుని లేచాడు. ఆయన మంచితనం అంతవరకే, బాకీ ఎప్పుడిస్తారని అడగడం ఆయన పని కాదు.

డేవిడ్ రాజు డబ్బు తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"ఆయన చెప్పినట్టు రాయి," అన్నాడు వినీలతో. "అది ముగించి, మిగతా లెక్కలు కూడా వచ్చే నెలలో ముగించు. తరవాత మాట్లాడుకుందాం." ఆ తరవాతలో ఏముందో ఆమెకు అర్థమైంది. భయం వేసింది. అయినా లెడ్జరు తెరిచింది.

కొత్త పేజీ మీద మొదటి పేరు రాసి ఆగింది. "ఇద్దరు జంగయ్యలు ఉన్నరు కదన్నా. తండ్రుల పేర్లు?"

కుర్మయ్య చెప్పాడు. పేజీ తిప్పింది. సాయన్న, యాదయ్య, ఎంకటయ్య. ఏడో పేరు దగ్గర, "వాడు పోయినేడు సచ్చిపోయిండు, పెండ్లాం చంద్రమ్మ ఉన్నది, ఆమె పేరు గూడ రాయి," అన్నాడు. రాసింది. పదకొండో పేజీ అతనిదే. తండ్రి పేరు చెప్పేటప్పుడు కొంచెం నిటారుగా నిలబడ్డాడు.

"కుర్మయ్యా," అన్నాడు డేవిడ్ రాజు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "గోడౌన్ తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళు. రేపటి నుంచి వేరే మనిషి వస్తాడు."

వినీల పెన్ను ఆగింది. తన వల్లే ఇదంతా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కుర్మయ్య చొక్కా ఎత్తి, మొలతాడుకు కట్టిన తాళంచెవి ముడి విప్పడానికి కాస్త సేపు తంటాలు పడ్డాడు. విప్పి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"మార్చి జీతం గూడ రావాలె నాకు. ముప్పై ఒక్క రోజులు, వినీలమ్మా. అది గూడ రాయి."

ఆమె అతని పేజీలోనే రెండో వరుస రాసింది. రాసి, సారు వింటుండగానే, అతనికి చదివి వినిపించింది.